దూరంగా ఉన్న పాలన మీద నమ్మకం మళ్లీ ఎలా పుడుతుంది?

మీరు అడిగింది: యూరోపియన్ యూనియన్ లాంటి, దేశాలకు పైన ఉండే పాలన మీద జనానికి నమ్మకం సడలింది కదా, ప్రజాస్వామ్యంతో, చట్టబద్ధ పాలనతో దాన్ని మళ్లీ తేవచ్చా అని.

తేవచ్చనే నేను అనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా కాటా సంగతి చెప్పాలి.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండు సీజన్లు కాటా దగ్గర పనిచేశాను. జూన్, జులైలలో తోతాపురి ట్రాక్టర్లు రాత్రంతా రోడ్డు పక్కన క్యూలో ఉండేవి. వేబ్రిడ్జి తెర మా గది లోపలికి తిరిగి ఉండేది. రైతు కిటికీ బయట నిలబడి మేం చెప్పిన అంకె వినాలి, అంతే. పైగా తరుగు కోసేవాళ్లు. ఎంత కోశారో, ఎందుకు కోశారో చెప్పే కాగితం లేదు. ఒక రాత్రి గంగాధర నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన కిటికీ ఊచలు పట్టుకుని, "నువ్వు చెప్పింది నేను నమ్మాల. నేను చెప్పింది నువ్వు నమ్మవు. ఇదేం న్యాయం నాయనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఇప్పటికీ బాధపెడుతుంది.

రైతులు గట్టిగా పోట్లాడాక తర్వాతి సీజన్‌కు తెర బయటికి తిప్పారు. స్లిప్పు మీద బండి బరువు, సరుకు బరువు, తరుగు, దానికి కారణం రాయడం మొదలైంది. తరుగు కొంచెమే తగ్గింది కానీ కిటికీ దగ్గర గొడవలు బాగా తగ్గాయి. ఇంకో సంగతి, పలుకుబడి ఉన్నవాళ్ల బండికీ అదే తరుగు పడుతోందని అందరికీ కనిపించింది. నా లెక్కలో అసలు నమ్మకం అక్కడే మొదలైంది.

ఇప్పుడు యూరప్ చూడండి. ఓటు అక్కడ ఎప్పటినుంచో ఉంది. యూరోపియన్ పార్లమెంటుకు 1979లో తొలిసారి నేరుగా ఎన్నికలు జరిగినప్పుడు దాదాపు 62 శాతం మంది ఓటేశారు. 2014కి అది 43 శాతం లోపుకు పడిపోయి, 2019లో, 2024లో మళ్లీ 50 దాటింది. కానీ చట్టాలను ప్రతిపాదించే అధికారం ప్రధానంగా యూరోపియన్ కమిషన్‌దే (యూనియన్ పాలన నడిపే సంస్థ), పార్లమెంటుది కాదు. తన ఓటు ఎక్కడ పనిచేసిందో ఓటేసినవాడికి కనిపించదు. 10 లక్షల మంది సంతకాలు పెట్టి, కనీసం 7 దేశాల నుంచి తగినంత మద్దతు చూపిస్తే కమిషన్‌ను చట్టం కోరే పద్ధతి 2012 నుంచి ఉంది. చట్టం తేవాలన్న నిర్బంధం లేదు గానీ ఎందుకు తెస్తారో, ఎందుకు తేరో జవాబు చెప్పి తీరాలి. తాగునీటి హక్కు కోసం జనం అలాగే సంతకాలు సేకరించారు. తాగునీటి చట్టాన్ని 2020లో సవరించారు. కారణం రాసిన స్లిప్పు అంటే నాకు ఇదే.

ఇక పెద్దవాళ్ల బండి సంగతి. న్యాయమూర్తుల మీద క్రమశిక్షణ చర్యల విభాగాన్ని ఆపమన్నా పోలండ్ ఆపలేదని, 2021 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం రోజుకు 10 లక్షల యూరోల జరిమానా వేసింది. కట్టకపోతే, ఆ దేశానికి రావాల్సిన నిధుల్లోంచే కోశారు. హంగరీ విషయంలో మాత్రం చాలా ఆలస్యం చేశారు. అక్కడ చట్టబద్ధ పాలన ప్రమాదంలో ఉందని పార్లమెంటు 2018లోనే తీర్మానించింది. ఆ దేశానికి రావాల్సిన 630 కోట్ల యూరోలను సభ్యదేశాల మంత్రుల మండలి నిలిపేసింది మాత్రం 2022 డిసెంబరులో. నాలుగేళ్లు! అన్నాళ్లు చూస్తూ కూర్చున్న మామూలు మనిషికి నియమాల మీద గౌరవం ఎలా నిలుస్తుంది? ఈ జాప్యం పోనంత వరకు ఎన్ని ప్రజా సదస్సులు పెట్టినా లాభం తక్కువే.

నియమం ఉంటే చాలదు, అది మనిషి దాకా చేరాలి. ఒకసారి యూరప్‌కు వెళ్లాల్సిన మా లాట్ ఒకటి పురుగుమందు అవశేషాల పరీక్షలో పోయింది. "ఎక్కడో కూర్చున్నోళ్లు నా తోటలో ఏ మందు కొట్టాల్నో చెప్తారా?" అని ఒక రైతు నా మీద కోప్పడ్డాడు. ఏ మందు అవశేషం ఎంతవరకు ఉండొచ్చో చెప్పే యూరోపియన్ యూనియన్ పట్టికను ఫోన్‌లో తెరిచి చూపించాను. అది ఎవరైనా చూడొచ్చు. ఒక మందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రాము, ఏ దేశం సరుకైనా అంతే. ఆయన చాలాసేపు చూసి, "ఇది ముందే చెప్పుంటే ఆ మందు కొట్టుండేవాణ్ణే కాదు కదబ్బా" అన్నాడు. కోపం నియమం మీద కాదు, తెలియకుండా శిక్ష పడినందుకు.

యూరోపియన్ యూనియన్ పౌరుడు 24 అధికార భాషల్లో దేనిలోనైనా యూనియన్ సంస్థలకు ఉత్తరం రాసి, అదే భాషలో జవాబు పొందే హక్కు యూనియన్ ఒప్పందంలోనే ఉంది. అక్కడి వాళ్లు ఈ హక్కును ఊరూరా చాటాలని నా కోరిక. మా దగ్గర మేం చేసింది చిన్నదే. ఏ మందు కొట్టకూడదో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో తెలుగులో పెద్ద అక్షరాలతో చార్టు రాసి కాటా కిటికీ పక్కన అంటించాం. స్లిప్పు జేబులో పెట్టుకుని, బండెక్కే ముందు చాలామంది ఆ చార్టును ఫోటో తీసుకునేవాళ్లు.