స్లైడర్ జరిపే ముందు ఒక్క నిమిషం ఆగండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్, నేను లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. నాడు-నేడులో మా తరగతి గదుల్లో టచ్ ప్యానెళ్లు బిగించారు. మొదట్లో పిల్లలకీ నాకూ ఎంతో ఉత్సాహంగా ఉండేది. ఇప్పుడు గంట కొట్టగానే "మేడమ్, వీడియో వేయండి" అంటారు, వేస్తే కళ్లప్పగించి చూస్తారు, అయ్యాక అందులోంచే ఒక లెక్క ఇస్తే ఎవరి పెన్నూ కదలదు. పదో తరగతి సిలబస్ టెన్షన్ ఒకపక్క. సుద్దముక్కే నయమనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: సుద్దముక్కని వదలకండి మేడమ్, ప్యానెల్ ఉన్నా దానితో పని ఉంటుంది. వీడియోతో వచ్చిన చిక్కు ఏమిటంటే, లెక్క చెప్పేదీ అదే, చేసేదీ అదే, ఇక పిల్లలకి చేయడానికి ఏమీ మిగలదు. అందుకే కొన్నాళ్లు వీడియోలు పక్కన పెట్టి గ్రాఫులూ బొమ్మలూ గీసి కదిలించి చూపే జియోజీబ్రా పెట్టుకోండి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, పాఠాలు చెప్పుకోవడానికి ఉచితం, యాప్ ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.

మీ పదో తరగతి బహుపదులే తీసుకుందాం. ఏఎక్స్ స్క్వేర్ ప్లస్ బీఎక్స్ ప్లస్ సీ అని టైప్ చేస్తే పరావలయం, అంటే గిన్నెలా వంగిన గీత వస్తుంది, పక్కనే ఏ, బీ, సీ లకి మూడు స్లైడర్లు, అంటే వేలితో జరిపితే విలువ మారే మీటలు వస్తాయి. ఏ ని 1 దగ్గర, బీ, సీ లను 0 దగ్గర పెట్టండి. "ఇప్పుడు బీ ఒక్కటే పెంచుతాం, ఈ గీత ఎటు పోతుంది?" అని అడగండి, కానీ వెంటనే జరపకండి. ప్రతి ఒక్కరూ తమ ఊహని నోటుబుక్కులో బొమ్మగా గీసేదాకా ఆగండి. ఈ ఆగడమే అన్నిటికన్నా కష్టం, నాకూ అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే తరగతి నిశ్శబ్దంగా ఉంటే మనమే జవాబు చెప్పేద్దామనిపిస్తుంది. చాలామంది గీత తిన్నగా పక్కకి జరుగుతుందని గీస్తారు, కొందరు సన్నబడుతుందంటారు. అప్పుడు ఒకరిని పిలిచి జరపమనండి. గీత ఎడమకి పోతూ కిందికి కూడా దిగుతుంది! తాము గీసింది తప్పని కళ్లెదుట తేలిన పిల్లలు "ఎందుకు మేడమ్?" అని వాళ్లే అడుగుతారు.

ఇక్కడ ప్యానెల్ వదిలి సుద్దముక్క పట్టుకోండి. సీ సున్నా కాబట్టి శూన్యాలు (గీత ఎక్స్ అక్షాన్ని తాకే చోట్లు) 0, మైనస్ బీ. సరిగ్గా వాటి మధ్యలో శీర్షం, అంటే గీతలో అట్టడుగు బిందువు. బీ 2 అయితే శీర్షం (−1, −1), 4 అయితే (−2, −4), −2 అయితే (1, −1). ఇవి పిల్లలే లెక్కకట్టాలి. ఆ తర్వాత మళ్లీ ప్యానెల్ దగ్గరికి వచ్చి, శీర్షం దగ్గర చుక్క పెట్టి, దాని ట్రేస్ ఆన్ చేసి బీ ని అటూ ఇటూ జరిపితే ఆ చుక్క నడిచిన దారి తలకిందులైన ఇంకో పరావలయంగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఏడో తరగతికైతే త్రిభుజం గీసి, మూలలు లాగుతూ కోణాలు కూడమనండి. దశాంశాలు లేకుండా చూపించేలా సెట్ చేస్తే ఒక్కోసారి 60, 60, 61 అని 181 వస్తుంది. కంగారు పడకండి, అసలు కోణాలు 59.6, 59.7, 60.7 అయి ఉండొచ్చు, సవరించి చూపించేసరికి అలా వచ్చింది. మరి 180 అని ఎలా నమ్మాలి అని అడిగి, సమాంతర రేఖ గీసి నిరూపణ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

రోజూ అక్కర్లేదు, వారానికి ఒక పీరియడ్‌లో 20 నిమిషాలు చాలు. ఎప్పుడూ చెయ్యెత్తే ముగ్గుర్నే కాకుండా రోల్ నంబర్ చూసి వెనక బెంచీ వాళ్లని కూడా పిలవండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫొటో తీస్తే లెక్క చేసిచ్చే యాప్‌తో హోంవర్క్ ఐదు నిమిషాల్లో ముగిస్తున్నాడు. పరీక్షలో స్టెప్స్ రావడం లేదు. నాకు లెక్కలు రావు, ఫోన్ లాక్కోవాలా?

జవాబు: లాక్కోకండమ్మా. ముందు తనే నోటుబుక్కులో చేయాలి, ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత కొట్టి, అప్పుడే యాప్ తెరవాలి అని చెప్పండి. తర్వాత మీరు పక్కన కూర్చుని ఏదో ఒక స్టెప్ మీద వేలు పెట్టి "పైలైను నుంచి ఇది ఎలా వచ్చింది నాన్నా?" అని అడగండి. ఈ ప్రశ్న అడగడానికి మీకు లెక్కలు రానక్కర్లేదు. తడబడిన చోట గుర్తు పెట్టించి, మర్నాడు వాళ్ల మాస్టారికి చూపించమనండి.