ఆ కార్డు తీసుకునే ముందు ఒక సాయంత్రం కూర్చుని లెక్క చూసుకో

చిన్నూకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. ప్రీమియం కార్డు ఇస్తామని బ్యాంకు వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారని, ఏడాదికి 10,000 ఫీజు కడితే 12,000 విలువ చేసే వోచర్లు, పైన ఖర్చుని బట్టి పాయింట్లు, విమానాశ్రయంలో ప్రత్యేకంగా కూర్చునే లాంజ్‌లు ఇస్తారని, ఫీజు పోగా ఇంకా మిగులే కదా అని రాశావు. తీసుకో, వద్దు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఇలాంటి కార్డు పన్నెండేళ్లుగా నా పర్సులో ఉంది. చాలా ఏళ్లు కలిసొచ్చింది. రెండేళ్లు మాత్రం నష్టపోయాను. నష్టపోతున్నట్టు కూడా అప్పుడు నాకు తెలియలేదు. నీకు అలా కాకూడదని వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 12,000 సంగతి చూద్దాం. అది వోచర్ మీద అచ్చేసిన అంకె. నీకు దాని విలువ ఎంత అనేది వేరే లెక్క. ఆ వోచర్‌ని ఎవరైనా డబ్బుకు అమ్ముతుంటే నువ్వు ఎంత ఇచ్చి కొంటావో ఆలోచించు. ఎప్పుడూ కొనే చోటుదైతే దాదాపు పూర్తి విలువ వేసుకోవచ్చు. జీవితంలో ఒక్కసారి కూడా దిగని హోటళ్ల మెంబర్‌షిప్ అయితే సున్నా వేసుకో. మొహమాటపడి సగం వెయ్యకు, సున్నాయే వేసుకో. లాంజ్ కూడా అంతే. కార్డు లేకపోతే నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్నే తప్ప, డబ్బు కట్టి లాంజ్‌లోకి వెళ్లేదాన్ని కాదు. అందుకే బ్రోచర్‌లో ఎంత రాసినా నా పుస్తకంలో ఒక్కో లాంజ్‌కి చాలా తక్కువే రాసుకుంటాను. నువ్వు ఉద్యోగం మీద నెలకు రెండుసార్లు విమానం ఎక్కుతుంటే నీ అంకె వేరుగా ఉంటుంది. ఉండాలి కూడా.

ఇక అసలు విషయం. అందరూ ఈ కార్డుని ఏ కార్డూ లేకపోవడంతో పోల్చి చూస్తారు. 3 శాతం వెనక్కి వస్తుంది, 10,000 ఫీజు, కాబట్టి ఏడాదికి సుమారు 3,33,000 ఖర్చు పెడితే ఫీజు రాబట్టినట్టే అనుకుంటారు. కానీ నీ దగ్గర ఇప్పటికే ఫీజు లేని కార్డు ఒకటి ఉంది కదా, అది 1 శాతం ఇస్తూనే ఉంది. అంటే కొత్త కార్డు నీకు అదనంగా ఇచ్చేది 2 శాతమే. ఆ లెక్కన ఫీజు రావాలంటే 5,00,000 ఖర్చు పెట్టాలి. ఫీజు మీద పన్ను ఉంటే ఇంకొంచెం ఎక్కువ. ఈ ఒక్క తేడా చూసుకోకపోవడం వల్లే చాలామంది లాభంలో ఉన్నామనుకుని ఏళ్ల తరబడి ఫీజు కడుతుంటారు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. గడిచిన 12 నెలల స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసుకుని ఒక సాయంత్రం కూర్చో. రాబోయే ఏడాది ఎంత ఖర్చు పెడతావో ఊహించకు, ఊహల్లో మనమందరం ఎక్కువే తిరుగుతాం. జరిగిపోయిన ఏడాదినే చూడు. నేను ప్రతి రెన్యువల్‌కి ముందు ఇదే చేస్తాను. నోటుబుక్‌లో పేజీకి మధ్యలో గీత గీసి, పాయింట్లు వచ్చే ఖర్చులు ఎడమవైపు, రానివి కుడివైపు రాస్తాను. మొదటిసారి అలా రాసినప్పుడు కుడివైపు నిండిపోయి పేజీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది, ఎడమవైపు మాత్రం సగంలోనే ఆగిపోయింది. అద్దె, పెట్రోలు, పన్నులు, వ్యాలెట్‌లో వేసుకునే డబ్బు లాంటివి చాలా కార్డుల్లో పాయింట్లకు లెక్కలోకి రావు. వచ్చినా సగమో పావో వస్తాయి, లేదంటే నెలకింత అని పరిమితి ఉంటుంది. నువ్వు ఏ వస్తువు కొన్నావన్నది సాధారణంగా బ్యాంకుకి కనిపించదు. అది ఏ రకం దుకాణమో చెప్పే నాలుగంకెల కోడ్ చూసే పాయింట్లు వేస్తుంది. ఒకే వస్తువుకి ఒక చోట పాయింట్లు పడి ఇంకో చోట పడకపోవడానికి కారణం అదే.

నీ ఖర్చు ఏడాదికి 8,00,000 అనుకుందాం. అందులో పాయింట్లు రానివి 3,50,000 తీసేస్తే 4,50,000 మిగులుతుంది. దాని మీద అదనపు 2 శాతం అంటే 9,000. ఫీజుకి 1,000 తక్కువ. వోచర్లకి నిజాయితీగా 4,000 వేసుకున్నావనుకో, అప్పుడు 3,000 మిగులు. ఆ మిగులు చూసి సరే అనిపిస్తుంది. నాకైతే అది చాలదు. మిగులు కనీసం ఫీజులో సగమైనా ఉంటేనే నేను అలాంటి కార్డు జోలికి వెళ్తాను. ఎందుకంటే మధ్యలో బ్యాంకు ఒక్క నిబంధన మార్చిందంటే ఆ 3,000 ఎగిరిపోతుంది, ఫీజు మాత్రం ఎక్కడికీ పోదు.

పాయింటు విలువ కూడా చూసుకోవాలి. ప్రతి 150కి 5 పాయింట్లు అంటారు. ఒక పాయింటుకి 1 రూపాయి చొప్పున వస్తే అది 3.3 శాతం. విమానం టికెట్‌కో హోటల్‌కో వాడితే వచ్చే ఆ విలువ, అదే పాయింటుని క్యాటలాగ్‌లో మిక్సీకో బ్యాగుకో వాడితే పావుకి పడిపోవచ్చు. అప్పుడు అది 1 శాతం కూడా కాదు, నీ ఫీజు లేని కార్డు కంటే తక్కువ. ఇంకో చిన్న విషయం. 290 బిల్లుకి 150 ఒక్కసారే లెక్కకొస్తుంది. మిగతా 140కి ఏమీ రాదు. 3.3 అనుకున్నది ఆ బిల్లు మీద 1.7 అవుతుంది. చిన్న చిన్న బిల్లులే ఎక్కువ ఉండేవాళ్లకి ఇది ఏడాదికి తడిసి మోపెడవుతుంది.

నేను నష్టపోయిన రెండేళ్లలో ఒకటి చెప్తాను. ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే అదనపు బోనస్ అని నా కార్డుకి మైల్‌స్టోన్ ఉండేది. గడువు ఇంకా మూడు వారాలుండగా చూసుకుంటే 40,000 తక్కువైంది. ఇంట్లో వాషింగ్ మెషిన్ బాగానే పనిచేస్తోంది. అయినా ఎలాగూ పాతదైపోయింది కదా, ఇప్పుడు కొంటే బోనస్ కూడా వస్తుంది అని నాకు నేనే చెప్పుకుని కొత్తది కొన్నాను. బోనస్ విలువ 5,000. ఖర్చు 41,000. ఆ రోజు ఫోన్‌లో మైల్‌స్టోన్ పూర్తయిందన్న మెసేజ్ చూసి ఎంత సంతోషించానో ఇప్పటికీ గుర్తుంది. పాత మెషిన్ ఎవరికో ఇచ్చేశాం, అది ఆ తర్వాత నాలుగేళ్లు నడిచింది. అప్పటి నుంచి నా పేజీ అడుగున ఒక వరస అదనంగా రాస్తున్నాను: ఈ కార్డు లేకపోతే కొనని వస్తువులు. ఆ వరసలోది మొత్తం ఫీజుతో కలిపేస్తాను.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదు. 2001లో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ఎంఐటీ అధ్యాపకులు ఒక అధ్యయనం ప్రచురించారు. బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు వేలం పెట్టి, కొందరికి నగదే కట్టాలని, కొందరికి క్రెడిట్ కార్డుతో కట్టాలని చెప్పారు. కార్డు వాళ్లు పాడిన పాట నగదు వాళ్లకి దాదాపు రెట్టింపు. చేతిలోంచి నోట్లు వెళ్తుంటే కలిగే బాధ కార్డు గీసినప్పుడు కలగదు. దానికి పాయింట్ల సంతోషం కూడా తోడైతే, 2 శాతం కోసం 10 శాతం ఎక్కువ ఖర్చు పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు.

అసలు బ్యాంకు ఈ డబ్బు ఎక్కడి నుంచి ఇస్తోందని కూడా నువ్వు ఆలోచించాలి. నువ్వు కార్డు వాడిన ప్రతిసారీ దుకాణం వైపు నుంచి కొంత బ్యాంకుకి వస్తుంది, దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. యూరోపియన్ యూనియన్ 2015లో క్రెడిట్ కార్డులకు అది 0.3 శాతం మించకూడదని కట్టడి చేసింది. దుకాణాల నుంచి వచ్చేదే అంతైతే 3 శాతం వెనక్కి ఇవ్వడానికి డబ్బెక్కడిది? అలాంటి కట్టడి లేని చోట ఇంటర్‌చేంజ్ ఎక్కువే వస్తుంది. దానికి తోడు ఫీజులు, జనం వాడకుండా వదిలేసిన పాయింట్లు, అన్నిటికంటే ముఖ్యంగా బిల్లు పూర్తిగా కట్టనివాళ్ల వడ్డీ.

ఆ వడ్డీ దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్తాను. వినాలి. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి 51 శాతం. ఏడాది దాకా ఎందుకు, ఒక్క నెల బాకీ ఉంచినా ఆ 3.5 శాతం నీ 3 శాతం పాయింట్లని మింగేస్తుంది. మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాలని అడిగే కొంత మొత్తం, కడితే లేట్ ఫీజు తప్పుతుందేమో గానీ వడ్డీ తప్పదు. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది, సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఎలాగూ మొదటి రోజు నుంచే వడ్డీ. ఇప్పుడు నీ పాత కార్డు మీద బాకీ ఏమైనా ఉంటే, పైన రాసిన లెక్కలేవీ వద్దు, ఈ కార్డు తీసుకోకు. ముందు ఆ బాకీ తీర్చు. కార్డు తీసుకున్నాక మొదటి రోజే ఆటో డెబిట్ పెట్టుకో, అది టోటల్ డ్యూకి పెట్టావో మినిమం డ్యూకి పెట్టావో రెండుసార్లు చూసుకో.

పాయింట్లు కూడబెట్టొద్దు. అవి డబ్బు కావు. వాటికి వడ్డీ రాదు, చాలావాటికి గడువు ఉంటుంది, విలువని బ్యాంకు ఎప్పుడైనా తగ్గించవచ్చని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. నేను పెద్ద ప్రయాణం కోసమని మూడేళ్లు కూడబెట్టాను. ఒకరోజు మెయిల్ వచ్చింది, వచ్చే నెల నుంచి అదే టికెట్‌కి సగం పాయింట్లు అదనంగా కావాలని. నష్టపోయిన రెండో ఏడాది అదే. ఇంకోసారి మీ పెదనాన్నతో లాంజ్ దగ్గరికి వెళ్తే, అక్కడి అమ్మాయి కార్డు గీసి, స్క్రీన్ నా వైపు తిప్పి, గత మూడు నెలల్లో ఇంత ఖర్చు ఉంటేనే అనుమతి అని చూపించింది. ఆ మార్పు మెయిల్‌లో చెప్పారు, నేనే చదవలేదు. నువ్వు బ్యాంకు మెయిల్స్ చదువు. పాయింట్లు ఆరు నెలలకోసారి వాడేసుకో.

ఇన్ని చెప్పి నువ్వెందుకు ఉంచుకున్నావు పెద్దమ్మా అని అడుగుతావు. అక్క దగ్గరికి వెళ్లినప్పుడల్లా విదేశాల్లో రెండేసి నెలలు ఉంటాం. మామూలు కార్డులు విదేశీ ఖర్చు మీద 3 శాతం పైనే మార్కప్, అంటే అదనపు రుసుము, వేస్తాయి, నా కార్డుకి అది చాలా తక్కువ. ఆ ఒక్కదానితోనే నా ఫీజు తిరిగొస్తుంది. నువ్వెప్పుడైనా విదేశాల్లో కార్డు గీస్తే, మీ దేశం డబ్బులో కడతారా అని మెషిన్ అడుగుతుంది. వద్దను, ఎప్పుడూ అక్కడి డబ్బులోనే కట్టు. మన డబ్బులో అంటే మారకం రేటు అవతలివాళ్లు వేసుకుంటారు, అది మనకి సాధారణంగా ఖరీదే. ప్రయాణ బీమా గురించి పెద్దగా ఆశ పెట్టుకోకు. చాలావాటికి టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలన్న షరతు ఉంటుంది.

చివరగా, వెల్‌కమ్ బోనస్‌ని నీ లెక్కలో కలపకు. అది మొదటి ఏడాదికే. రెండో ఏడాది పేజీ వేరుగా వేసి చూడు, అదే అసలు పేజీ. తీసుకుంటే మాత్రం రెన్యువల్‌కి నెలన్నర ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. ఫీజు మాఫీ చెయ్యమని అడుగు, కొన్నిసార్లు చేస్తారు. చెయ్యకపోతే ఫీజు లేని కార్డుకి మార్చమని అడుగు. పూర్తిగా మూసేస్తే నీ మొత్తం లిమిట్ తగ్గి, అందులో నువ్వు వాడుతున్న శాతం పెరిగి క్రెడిట్ స్కోరు మీద ప్రభావం పడొచ్చు. మూసేయక తప్పకపోతే ముందు పాయింట్లు వాడేసుకుని, ఆ కార్డుకి కట్టిన ఆటో పేమెంట్లన్నీ వేరే దానికి మార్చి, బాకీ ఏమీ లేదని రాసిచ్చిన కాగితం తీసుకో.

ఈ ఆదివారం కూర్చుని లెక్క వెయ్యి. పేజీ ఫోటో తీసి నాకు పంపు, కుడివైపు ఏమైనా మర్చిపోయావేమో చూస్తాను. ఈలోపు బ్యాంకు నుంచి ఫోన్ వస్తే వారం ఆగమని చెప్పు. ఆఫర్ ఈ రోజుతో అయిపోతుందంటారు. కంగారుపడకు, వచ్చే నెల మళ్లీ చేస్తారు.

ఉంటాను,
పెద్దమ్మ