జెంకుత్సు దాచిలో మోకాలి నొప్పి: సమాధానం

నమస్కారం అండీ. 42 ఏళ్ల వయసులో షోటోకాన్ కరాటే మొదలుపెట్టారని, జెంకుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడే నిలుపులో) నిలబడితే ముందు మోకాలి లోపలివైపు నొప్పి వస్తోందని, అయినా పక్కనున్న కుర్రవాళ్లంత కిందికి దిగమని గురువుగారు పట్టుబడుతున్నారని రాశారు.

నిలుపు ఎంత లోతుగా ఉందన్నది తరువాతి మాట. ముందుగా మోకాలు ఎటు వాలుతోందో అద్దంలో చూసుకోండి. మోకాలిచిప్ప రెండో వేలికి సూటిగా ఉండక, బొటనవేలిని దాటి లోపలికి పడుతుంటే నొప్పికి అదే మూలం కావచ్చు. వెనక పాదాన్ని బలవంతంగా ముందుకు తిప్పి, నడుమును ఎదురుగా తేవాలని ప్రయత్నించినప్పుడు కూడా తుంటి ఇవ్వలేని మలుపును మోకాళ్లు భరించవలసి వస్తుంది. తుంటి ఎముకల అమరిక మనిషికొక తీరుగా ఉంటుంది కనుక, ఎంత సాగదీసినా అందరికీ ఒకే కోణం రాదు.

నిలుపు పొడవును మీ కాళ్లతోనే కొలుచుకోండి. వెనక మోకాలిని నేలకు ఆనించినప్పుడు అది ముందు మడమకు పిడికెడు దూరంలో ఉంటే చాలు. నొప్పి తగ్గేవరకు ఇంకో అరపాదం తగ్గించినా తప్పులేదు. షోటోకాన్ శైలికి మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించిన కరాటేలో నిలుపులు ఇంత పొడవుగా లేవు, తరువాతి కాలంలోనే సాగాయి. ఈ సంగతి గురువుగారికి తరగతి ముగిశాక విడిగా చెప్పండి, నలుగురిలో చెబితే ఎదురు వాదనలా వినిపిస్తుంది.

వాపు ఉన్నా, మోకాలు పట్టేస్తున్నా, ఎముకల వైద్యుడికి చూపించుకునేవరకు కాటా (నిర్ణీత వరుసలో చేసే కదలికల) సాధన ఆపండి.