పాఠం మధ్యలో పిల్ల ఏడుస్తూ వెళ్లిపోతే

హాస్టల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ గురించి చెబుతుంటే ఓ అమ్మాయి ఏడుస్తూ బయటికి వెళ్లిపోయిందని, ఇక ఆ పాఠం మానేయాలా అని అడిగారు కదా మేడమ్. మానకండి. చెప్పే తీరు మారిస్తే చాలు.

ఈ రోజు ఏం మాట్లాడబోతున్నామో మొదట్లోనే చెప్పేయండి. "ఇబ్బందిగా ఉంటే లేచి వెళ్లొచ్చు, కారణం చెప్పక్కర్లేదు" అనండి. తలుపు తీసే ఉంచి, ఏఎన్ఎం గారిని వరండాలో కూర్చోమనండి. ప్రొజెక్టర్ కోసమని లైట్లన్నీ ఆర్పేయకండి. "మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?" అని అందరి ముందూ అడగడం అసలే వద్దు (మన ట్రైనింగుల్లో ఇదో జబ్బు). దానికి బదులు, చెప్పాలనుకున్నది రాసి వేసేందుకు చీటీల డబ్బా పెట్టండి. ప్రతి ఒక్కరూ ఒక చీటీ వేయాలి, ఖాళీదైనా సరే. అప్పుడు రాసిందెవరో బయటపడదు.

ఆ అమ్మాయిని విడిగా పలకరించండి, గుచ్చి గుచ్చి అడక్కండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

పిల్లల రక్షణ రంగంలోనే ముందుకెళ్లాలనుంటే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారి 'సంవాద్' శిక్షణలు చూడండి. ఇలాంటివి విని విని మీకే బరువనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.