మాంద్యం రోజుల్లో, ఎవరూ తెలియని చోట టీచర్ ఉద్యోగం దొరుకుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఎనిమిదేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. ఇంట్లోవాళ్ల బదిలీ వల్ల కొత్త ప్రాంతానికి వచ్చారు. రెండు నెలల్లో 40 స్కూళ్లకు రెజ్యూమె పంపితే ఒక్కరూ పలకలేదు. ఈ మాంద్యంలో టీచింగ్ వదిలేసి వేరే పని చూసుకోవడమే మంచిదా?

వదలకండి. రెజ్యూమెలు పంపడం మాత్రం ఆపేయండి.

నాదీ ఇంచుమించు ఇదే కథ. 2009లో మా ఆవిడకు బదిలీ అయితే నేను వెంట వెళ్లాను. అంతకుముందు ఏడాది బ్యాంకులు కూలిన దెబ్బ అప్పుడప్పుడే బడుల దాకా వస్తోంది. మాంద్యం ఫ్యాక్టరీలకూ ఆఫీసులకూ ముందు తగులుతుంది, బడికి ఆలస్యంగా తగులుతుంది. ప్రభుత్వ బడికి డబ్బు బడ్జెట్లోంచి రావాలి. ఈ ఏడాది పన్నులు తగ్గితే ఆ కోత వచ్చే ఏడాది బడ్జెట్లో కనిపిస్తుంది. ప్రైవేటు బడిలో ముందు ఫీజు బకాయిలు పెరుగుతాయి, తర్వాతి ఏడాది అడ్మిషన్లు తగ్గుతాయి, అప్పుడు రెండు సెక్షన్లు కలిపి ఒకటి చేస్తారు. అందుకే బయట పరిస్థితి కుదుటపడుతోందని పేపర్లో చదివి మనం బడి మెట్లెక్కితే, లోపల కష్టకాలం అప్పుడే మొదలై ఉంటుంది.

దీనికి తోడు, ఉన్న టీచర్లు కుర్చీ వదలరు. బయట ఉద్యోగాలు పోయినవాళ్లు కొందరు పాఠాలు చెప్పుకుందామని ఇటు వస్తారు. నేను వెళ్లిన ఏడో స్కూలో ఎనిమిదో స్కూలో గుర్తులేదు కానీ, ఆఫీసులో క్లర్కు నా రెజ్యూమె తీసుకుని సొరుగులో పెట్టబోతే ఆ సొరుగు మూతపడలేదు. నాలాంటివాళ్ల కాగితాలతో అంతలా నిండిపోయింది. పైగా నా కాగితం మీద ఉన్న పాత స్కూలు పేరు అక్కడ ఎవరూ వినలేదు. ఫోన్ చేసి "ఈ మనిషి ఎలాంటివాడు?" అని అడగడానికి ప్రిన్సిపాల్‌కు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మీ 40 రెజ్యూమెలూ అలాంటి సొరుగుల్లోనే ఉండి ఉంటాయి. మీలో లోపం ఉందని అనుకోకండి.

ఆ క్లర్కు సొరుగుతో కుస్తీ పడుతుంటే, ఊరికే నిలబడలేక అడిగాను: "పోనీ, ఇక్కడ ఎవరైనా టీచర్ సెలవులో ఉన్నారా?" ఆయన నవ్వి, సోషల్ సార్‌కు ఆపరేషన్ అయిందనీ, మూడు వారాలుగా ఆ పీరియడ్లలో పీఈటీ సార్ పిల్లల్ని కూర్చోబెట్టి కాపలా కాస్తున్నారనీ చెప్పారు. నేను చెప్పేది సోషలే! పావుగంటలో వైస్ ప్రిన్సిపాల్ ముందు కూర్చున్నాను, మర్నాడు ఎనిమిదో తరగతిలో నిలబడ్డాను. పీరియడ్‌కింత అని డబ్బు, ఆరు వారాలు.

ఉద్యోగం అడిగితే "ఖాళీలు లేవు" అంటారు, అది నిజమే. క్లాసు అడిగితే మాత్రం ప్రతి బడిలోనూ ఎక్కడో ఒక ఖాళీ బయటపడుతుంది. మాంద్యం వచ్చిందని ప్రసవాలు ఆగవు, ఆపరేషన్లు ఆగవు. నిజానికి అలాంటి రోజుల్లో బడికి పర్మినెంట్ మనిషిని తీసుకునే ధైర్యం ఉండదు, క్లాసు ఖాళీగా వదిలేసే ధైర్యమూ ఉండదు.

అడిగేది ఎవరినో కూడా చూసుకోండి. ప్రిన్సిపాల్‌ను కలవడం అందరూ చేసేదే. ప్రతి బడిలో ఒకరుంటారు, వైస్ ప్రిన్సిపాలో కోఆర్డినేటరో సీనియర్ టీచరో, పొద్దున్నే సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్ ముందేసుకుని ఈ రోజు ఎవరు రాలేదు, ఎవరి లీజర్ పీరియడ్ లాక్కోవాలి అని తల పట్టుకునే మనిషి. స్టాఫ్‌రూమ్ విసుగంతా భరించేది ఆయనే. ఆ మనిషికి మీరు దేవుడు పంపినట్టు కనిపిస్తారు. పొద్దున బెల్లు కొట్టేటప్పుడు మాత్రం వెళ్లకండి, ఆ అరగంటలో ఆయనకు ఎవరి మొహమూ చూసే తీరిక ఉండదు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక వెళ్లండి. "లీవ్ వేకెన్సీ ఉంటే చెప్పండి, ఒక్క రోజైనా సరే వస్తాను, దగ్గర్లోనే ఉంటాను" అని ఒక చిన్న కాగితం మీద పేరు, సబ్జెక్టు, ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. విద్యా సంవత్సరం మొదట్లో కంటే మధ్యలో ఇది బాగా పనిచేస్తుంది. పరీక్షల ముందు రివిజన్ క్లాసులకు, ఇన్విజిలేషన్‌కు కూడా మనుషులు కావాల్సి వస్తుంది, అవి చిన్న పనులని వదులుకోకండి.

ఆరు వారాలయ్యాక ఆ బడి నన్ను ఉంచుకోలేదు. ఉంచుకునే స్థితిలో లేదు, సెక్షన్లు కలిపేశారు. కానీ కాపలా నుంచి విముక్తుడైన ఆ పీఈటీ సార్ ఉన్నారు చూశారూ, ఆయన తన పాత స్కూల్లో నా మాట చెప్పారు. అక్కడ ఒక మేడమ్ ప్రసవ సెలవు. మూడు నెలలు చేశాను. తర్వాతి ఏడాది అదే బడిలో పర్మినెంట్. అప్పటికి నా గురించి ఫోన్ చేసి అడగడానికి ఆ ప్రాంతంలో ఓ పది మంది ఉన్నారు.

డెమో క్లాసులో నేను చేసిన పొరపాటు చెబుతాను. డెల్టా ఎలా ఏర్పడుతుందో వివరిస్తూ అలవాటుకొద్దీ మా వైపు నది పేరు చెప్పాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ ఏదో రాసుకున్నారు. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు. కొత్త ప్రాంతంలో డెమోకు ముందు ఆ తరగతి పాఠ్యపుస్తకం ఒకటి సంపాదించి ఆ పాఠం వాళ్ల పుస్తకంలో ఎలా ఉందో చూడండి. ఉదాహరణలు ఆ పిల్లలు రోజూ చూసేవాటిలోంచి తీసుకోండి. యాస గురించి టెన్షన్ వద్దు, పిల్లలు రెండో రోజుకే అలవాటు పడతారు, మూడో రోజు మిమ్మల్ని అనుకరిస్తారు కూడా.

ప్రభుత్వ బడుల సంగతి వేరు. ఒక ప్రాంతపు టీచింగ్ అర్హత ఇంకో చోట నేరుగా చెల్లకపోవచ్చు. దాన్ని గుర్తింపజేసుకోవడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టి, అది నడుస్తుండగా మిగతా ప్రయత్నాలు చేయండి. పాత స్కూలు నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు చెప్పారో స్పష్టంగా రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తెప్పించుకోండి. నా రిలీవింగ్ లెటర్లో ఒకలా, డిగ్రీ పట్టాలో ఇంకోలా పేరు పడి రెండు నెలలు తిరిగాను.

మొహమాటపడకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఒక బడి నన్ను ట్రయల్ పేరుతో వారం రోజులు తిప్పుకుంది. ఆ వారంలో చేయించింది రెండు తరగతుల ఆన్సర్ పేపర్లు దిద్దడం. అవి అయిపోగానే ట్రయలూ అయిపోయింది, రూపాయి ఇవ్వలేదు. ఒక డెమో, మహా అయితే రెండు, అంతకు మించి ఊరికే చేయకండి. ముందే డబ్బు కట్టమనే ఏజెంట్లకు దూరంగా ఉండండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. పీరియడ్ లెక్కన చేసేటప్పుడు సెలవు రోజులకు డబ్బు ఉంటుందో లేదో కాగితం మీద రాయించుకోండి. జీతం తక్కువే ఉంటుంది, మొదటి ఏడాది దానికి మనసు గట్టి చేసుకోక తప్పదు.

మీరు ఏ సబ్జెక్టు చెబుతారో రాయలేదు. మ్యాథ్స్, ఫిజిక్స్, లేదా ప్రత్యేక అవసరాలున్న పిల్లల బోధన అయితే ఇలాంటి రోజుల్లోనూ మనుషులు త్వరగా దొరకరు, నేను పడ్డంత పడక్కర్లేదు. నాలాగా సోషలో, భాషో అయితే చిన్న తరగతులకు రెండో సబ్జెక్టు కూడా చెప్పగలనని ఆ కాగితం మీదే రాయండి. నేను ఆరో తరగతి లెక్కలు చెబుతానని రాశాను. దానికోసం రాత్రిళ్లు భిన్నాలు మళ్లీ నేర్చుకున్నాననుకోండి, అది వేరే విషయం. మీ సబ్జెక్టేమిటో కింద రాస్తే, దానికి జతగా ఏది బాగుంటుందో నాకు తోచింది చెబుతాను.