బడి సందేహాలు: భకిత, 364, పాఠాశాలా

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకటి నుంచి నాలుగో తరగతి పిల్లల గురించే. చాలా ఉత్తరాల్లో ఒకటే మాట: ‘రోజూ రాయిస్తున్నాం, అయినా అదే తప్పు’. తప్పు ఎలా వచ్చిందో చూడకుండా రాయిస్తే గట్టిపడేది ఆ తప్పే. అందుకని జవాబులను కూడా పిల్లలు చేసిన తప్పుల దగ్గరే మొదలుపెట్టాం.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. గుణింతాలు గడగడా చదువుతాడు. ఒత్తు కనబడితే తడబడతాడు. ‘భక్తి’ని ‘భకిత’ అంటాడు. ఒక్కో ఒత్తు రోజుకు ఇరవైసార్లు రాయిస్తున్నా మార్పు లేదు. (ఓ తల్లి)

జవాబు: ‘భకిత’ అన్నాడంటే అక్షరాలన్నీ వచ్చినట్టే. కంటికి కనబడిన వరుసలో చదివాడు: ముందు భ, ఆపైన గుడి ఉన్న క, దాని కింద త. చిక్కంతా అక్కడే ఉంది. గుడి పై అక్షరం నెత్తిన కూర్చుంటుంది, పలకడం మాత్రం కింది ఒత్తు తర్వాత పలుకుతుంది. పెద్దవాళ్లకు అలవాటైపోయింది కాబట్టి ఈ సంగతి తట్టదు, పిల్లలకు ఎవరూ విడిగా చెప్పరు.

పలక మీద ముందు ‘భక్త’ అని తలకట్టుతో రాసి చదివించండి. క దగ్గర నాలుక ఆగాలి, త మీద పడాలి. తర్వాత ఆ తలకట్టు చెరిపి, అదే చోట వాడి చేతే గుడి పెట్టించండి. ఇప్పుడు చదవమంటే ‘భక్తి’ దానంతటదే వస్తుంది. ఇలాగే శక్త–శక్తి, ముక్త–ముక్తి, దోస్త–దోస్తీ. మొదటి మాటకు అర్థం లేకపోయినా పర్వాలేదు, అది మెట్టు మాత్రమే. బల్లి, పిల్లి లాంటి ద్విత్వాలతో మొదలుపెట్టి, అవి ‘బలిల’, ‘పిలిల’ అనకుండా చదవగలిగాకే సంయుక్తాక్షరాలకు రండి. రాష్ట్రం, స్త్రీ లాంటివి, అంటే ఒకే అక్షరానికి రెండు ఒత్తులున్నవి, చివరికి అట్టే పెట్టండి.

రెండో చిక్కు ఆకారం. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే కాబట్టి పిల్లలు పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఈ ఆరింటి ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. వీటికి అట్టముక్కలు చేసి ఒకవైపు ఒత్తు, రెండోవైపు రోజూ నోట్లో నానే మాట రాయండి: అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల. ఈ ఆరూ కుదిరితే సగం పని అయినట్టే.

రావత్తు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. చక్రాన్ని ‘చర్కం’ అని రాస్తారు. ‘చక్రం’, ‘తర్కం’ పక్కపక్కన రాసి చూపించండి. ఒకదాంట్లో క పైన, ర కింద. రెండోదాంట్లో ర పైన, క కింద. పైనున్నది ముందు, కిందున్నది తర్వాత, గుడో కొమ్మో ఉంటే అది ఆఖర. ఇంతకుమించి సూత్రం అక్కర్లేదు.

ఇరవైసార్లు రాయించడం ఇవాళే ఆపేయండి. మూడో వరుస దాటాక పిల్లలు మాటను పలకరు, పై వరుస చూసి గీతలు దింపుతారు. మూడో వరుసలో తప్పు దొర్లితే మిగతా పదిహేడూ అదే తప్పు. రోజుకు ఐదు కొత్త మాటలు చాలు, మూడోరోజు పాతవాటితో కలిపి చదివించండి.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. 503లోంచి 267 తీసేయమంటే ఒకరోజు 364 అంటుంది, ఇంకోరోజు 336. శ్రద్ధ లేక ఇలా చేస్తోందా? (ఓ తండ్రి)

జవాబు: శ్రద్ధ లేకపోతే జవాబు ఇంత పద్ధతిగా తప్పదు. 364 ఎలా వచ్చిందో చూడండి. ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది: 7లోంచి 3, 6లోంచి 0, 5లోంచి 2. పైదా కిందదా అన్న ఆలోచన లేదు. 336 దీనికంటే మెరుగు. అప్పు తేవాలని తెలిసింది, మధ్యలో సున్నాను 9 చేసింది, కానీ ఆ తొమ్మిది పదులు ఎక్కడి నుంచి వచ్చాయో చూసుకోక వందల స్థానంలో 5ను అలాగే వదిలేసింది.

పుల్లలతో చేయించండి. పది పుల్లలకు ఒక రబ్బరుబ్యాండు వేస్తే పది కట్ట, అలాంటి పది కట్టలు ఒక సంచిలో వేస్తే వంద. 503 అంటే ఐదు సంచులు, విడి కట్టలు ఏమీ లేవు, మూడు పుల్లలు. అయిదువందల పుల్లలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. విప్పబోయే ఒక్క సంచిలో నిజం కట్టలుంటే చాలు, మిగతా నాలుగు ‘100’ అని రాసిన ఖాళీ సంచులైనా ఫర్వాలేదు. ఏడు పుల్లలు ఇమ్మనండి. మూడే ఉన్నాయి. పక్కన కట్టలు లేవు. కాబట్టి సంచి విప్పాలి: నాలుగు సంచులు, పది కట్టలు. ఇప్పుడు ఒక కట్ట విప్పాలి: తొమ్మిది కట్టలు, పదమూడు పుల్లలు. పాప ఒక్కో పని చేయగానే మీరు కాగితం మీద ఆ అంకె మార్చండి: 4, 9, 13. చేతిలో జరిగిందీ కాగితం మీద రాసిందీ ఒకటేనని తెలియాలి, పుల్లలు పెట్టుకున్నది అందుకే. పుల్లల పని అంతా అయిపోయాక లెక్క విడిగా రాయిస్తే పుల్లల పని పుల్లలదే, లెక్క లెక్కదే.

జవాబు 236. సరిచూడటానికి 236, 267 కూడమనండి, 503 రావాలి. ఈ అలవాటు చేస్తే ‘ఒప్పేనా?’ అని మీ దగ్గరికి రావడం తగ్గుతుంది.

52లోంచి 38 లాంటి రెండంకెల లెక్కలు కుదరకుండా సున్నాల జోలికి వెళ్లకండి. ఇంకో జాగ్రత్త: పది లెక్కలిస్తే పదీ అప్పు లెక్కలే ఇవ్వొద్దు. అలా ఇస్తే అవసరం లేనిచోట కూడా కళ్లు మూసుకుని అప్పు తెస్తారు. నాలుగైనా మామూలువి కలపండి. గళ్ల నోటుబుక్కులో గడికో అంకె రాయిస్తే స్థానాలు జరిగిపోవు.

ప్రశ్న: మా మనవడు ఏడో ఎక్కం తడుముకోకుండా అప్పజెబుతాడు. ఏడెనిమిదులు ఎంత అంటే మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. (ఓ తాతయ్య)

జవాబు: వాడికి వచ్చింది పాట. అది చెడ్డదేం కాదు, పునాది ఉన్నట్టే. ఇక విడివిడిగా రావాలి. ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో వంద లెక్కలుంటాయి. 1, 2, 5, 10 ఎక్కాలు తేలిక, వాటిని పక్కన పెడితే 36. మూడు నాలుగులన్నా నాలుగు మూడులన్నా పన్నెండే కాబట్టి తిరగేసినవి తీసేస్తే మిగిలేవి 21. వంద అంటే బెదిరే పిల్లలు 21 అంటే బెదరరు.

21 చీటీలు రాసి కలిపి ఒక్కొక్కటే చూపించండి. మూడు సెకన్లలో చెప్పినవి ఒకవైపు, చెప్పలేనివి ఇంకోవైపు. రెండో గుట్టలోంచి రోజుకు మూడే తీసుకోండి. 54, 56 దగ్గర చాలామంది తికమకపడతారు, కాబట్టి 6×9, 7×8 ఒకేరోజు పెట్టొద్దు. తొమ్మిదో ఎక్కానికి కిటుకు ఉంది: 9×7 అంటే ఏడులో ఒకటి తగ్గిస్తే 6, తొమ్మిదికి ఇంకా కావాల్సింది 3, జవాబు 63. ఇవి కుదిరేదాకా పదమూడు, పద్నాలుగు ఎక్కాలకు తొందరేం లేదు.

ప్రశ్న: మా పాప నల్లబల్ల మీదవి తప్పుగా దింపుకొస్తుంది. ఇంట్లో పుస్తకం చూసి రాస్తే తప్పులుండవు. (ఓ తల్లి)

జవాబు: దగ్గరివి సరిగా, దూరానివి తప్పుగా అంటే ముందు కళ్లనే అనుమానించాలి. గోడ మీది క్యాలెండర్‌ను పది అడుగుల దూరం నుంచి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చదివించండి. కళ్లు చిట్లించినా, తల పక్కకు వంచినా, ఒక కంటితో తడబడినా కళ్ల డాక్టరుకు చూపించండి. తేడా కనబడకపోయినా చూపించడమే మేలు, ఇంటి పరీక్షకు చిన్న లోపాలు దొరకవు. ఈలోగా ముందు వరుసలో కూర్చోబెట్టమని టీచరును అడగండి. చూపు బాగుందని తేలితే, పాప ఒక్కో అక్షరానికీ తలెత్తుతోందేమో గమనించమని చెప్పండి. అలాంటప్పుడు మాట మొత్తం చూసి, నోట్లో అనుకుని, ఆ తర్వాత రాయడం అలవాటు చేయాలి.

ప్రశ్న: ఎడమచేతి వాటం పిల్లవాడు. రాసిందంతా చేత్తో అలికేస్తాడు. చెయ్యి మార్పించాలా? (ఓ తండ్రి)

జవాబు: వద్దు. నోటుబుక్కు తిప్పండి. పేజీ పై అంచు కుడివైపు వాలేలా, పుస్తకం ఒంటికి కాస్త ఎడమగా పెట్టాలి. పెన్సిల్‌ను మొన నుంచి మూడు సెంటీమీటర్లు పైన పట్టుకుంటే రాసింది కనబడుతుంది, చెయ్యి వరుస కింద ఉంటుంది. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెడితే పక్కవాడి మోచెయ్యి తగలదు.

ప్రశ్న: రెండో తరగతికి చెబుతాను. శ్రుతలేఖనం దిద్దడానికే గంట పడుతోంది. వారం తిరిగేసరికి అవే తప్పులు. ‘పాఠశాల’ను సగం మంది ‘పాఠాశాలా’ అని రాశారు. (ఓ టీచర్)

జవాబు: టీచరుగారూ, ‘పాఠాశాలా’ చాలావరకు మనం చెప్పే తీరువల్ల వచ్చేది. పిల్లలకు అందాలని ‘పా... ఠ... శా... ల...’ అని సాగదీస్తాం. సాగదీసిన ఠ వాళ్ల చెవికి ఠా. వాళ్లు విన్నదే రాశారు. మాటను ఒకసారి మామూలుగా, ఒకసారి చిన్న వాక్యంలో, మళ్లీ ఒకసారి మామూలుగా చెప్పండి. అక్షరం అక్షరం విడగొట్టొద్దు.

మాటలు ఎనిమిది చాలు, ఐదు కొత్తవి, మూడు పోయినవారం తప్పినవి. రాయడం అవగానే బోర్డు మీద ఒప్పు రాసి, ఎవరిది వాళ్లే వేరే రంగు పెన్సిల్‌తో దిద్దుకోమనండి. తప్పు చేసిన చోట పిల్లవాడి కన్ను ఆగాలి. మీరు ఎర్రసిరాతో కొట్టేసి మర్నాడు ఇస్తే మార్కు చూసి పుస్తకం మూసేస్తాడు. మీరు చూడాల్సింది తప్పులు ఏ రకమన్నది. దీర్ఘాలు తప్పుతుంటే చెవికి పని చెప్పాలి: పొట్టిదానికి ఒక చప్పట్టు, దీర్ఘానికి చేతులు చాపడం. ఒత్తులు తప్పుతుంటే మొదటి జవాబులో చెప్పిన వరుస.

అర్థం, అర్ధం లాంటివి తప్పుతుంటే చెవిని నమ్ముకుని లాభం లేదు. మాట్లాడేటప్పుడు థ, ధ తేడా చాలామంది నోట పలకదు, వినబడనిదాన్ని పిల్లలు ఎలా రాస్తారు? వీటిని కంటితోనే గుర్తుపెట్టుకోవాలి. మాట చూడటం, మూయడం, రాయడం, తెరిచి పోల్చుకోవడం. ‘మాటకు అర్థం’, ‘అర్ధరూపాయి’ అని జతచేసి గోడమీద పెద్దక్షరాలతో నెలరోజులు ఉంచండి. మొదటి రెండు తరగతుల్లో ఈ తప్పులకు మార్కులు కోయకపోవడమే మంచిదని మా అభిప్రాయం.