ఎమ్మే ఇంగ్లిష్ చదివి వచ్చారా? కమ్యూనిటీ కాలేజీ వైపు చూడండి

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చే వీసా) మీద అమెరికా వచ్చే మన అమ్మాయిల్లో ఇంగ్లిష్ లెక్చరర్లు చాలామందే ఉంటారు. ఆంధ్రా యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో ఎమ్మే చేసి, జూనియర్ కాలేజీలోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో నాలుగైదేళ్లు పాఠం చెప్పినవాళ్లు. ఇక్కడ దిగిన నెలకే ఎవరో ఒకరు "క్యూఏ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) నేర్చుకోమ్మా, ఉద్యోగం గ్యారంటీ" అంటారు. ఇష్టపడి నేర్చుకుంటే మంచిదే. పాఠం చెప్పడమంటే ప్రాణమైనవాళ్లు కూడా "అమెరికాలో మన ఇంగ్లిష్ ఎవరికి కావాలిలే" అనుకుని ఆ దారి పడుతుంటే మాత్రం నా మనసు ఉసూరుమంటుంది. మీ ఇంగ్లిష్ అవసరమైనవాళ్లు ఇక్కడ లక్షల్లో ఉన్నారు. నేను కాలిఫోర్నియా బే ఏరియాలో ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్) చెబుతాను కాబట్టి ఇక్కడి సంగతులే రాస్తున్నాను. వేరే రాష్ట్రాల్లో నిబంధనలు వేరుగా ఉంటాయి.

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు (ఎక్కువగా రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీలు) ఉన్నాయి. వీటిలో చెప్పడానికి బీఈడీ లాంటి క్రెడెన్షియల్ అక్కర్లేదు. స్కూల్ డిస్ట్రిక్టులు నడిపే అడల్ట్ స్కూళ్లకు మాత్రం కావాలి. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని ముందే వెనక్కి తగ్గుతారు.

కాలేజీలో ఈఎస్ఎల్ రెండు రకాలు. నాన్‌క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి రాని) క్లాసులకు ఫీజు ఉండదు. ఇవి చెప్పడానికి ఇంగ్లిష్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ, దానికి తోడు టీఈఎస్ఎల్ (ఈఎస్ఎల్ బోధన) సర్టిఫికెట్ ఉంటే సరిపోతుంది. క్రెడిట్ క్లాసులకు ఎమ్మే టీసోల్ (ఇదీ ఈఎస్ఎల్ బోధనలో చదువే) ఉంటే ఇంకే ప్రశ్నా రాదు. ఉత్త ఎమ్మే ఇంగ్లిష్ లిటరేచర్ మాత్రం చాలదు. దానికి కింద బీఏ ఇంగ్లిష్, టీఈఎస్ఎల్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. మన దగ్గర బీకామో బీఎస్సీయో చేసి ఎమ్మే ఇంగ్లిష్‌కు వెళ్లడం మామూలే కదా, పేచీ వచ్చేది అక్కడే. అలాంటివాళ్లు ఆ కాలేజీ డిస్ట్రిక్టు ఈక్వివలెన్సీ కమిటీకి (మీ చదువు అడిగిన అర్హతకు సమానమేనా అని తేల్చే కమిటీకి) దరఖాస్తు పెట్టుకోవాలి. హైదరాబాద్ ఇఫ్లూలో పీజీసీటీఈ, పీజీడీటీఈ చేసినవాళ్లు ఆ సిలబస్ కాగితాలతో సహా పంపండి. అది భాషాబోధనలో శిక్షణ అని కమిటీకి తెలియజెప్పాల్సింది మీరే. ఒక డిస్ట్రిక్టు కాదన్నా పక్క డిస్ట్రిక్టు ఒప్పుకోవచ్చు, ఎవరి నిర్ణయం వాళ్లదే. వీటన్నిటికంటే ముందు విదేశీ డిగ్రీలు ఇక్కడి వేటికి సమానమో చెప్పే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో డిగ్రీల ఎవాల్యుయేషన్ చేయించండి. కాస్త వ్యవధి, డబ్బు ఉంటే శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలోనో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లోనో ఎమ్మే టీసోల్ చేసేయమనే నా సలహా. హెచ్-4 మీద చదువుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఏడాది దాటితే రెసిడెంట్ ఫీజు వర్తిస్తుందేమో అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. సాయంత్రం ఆరున్నర క్లాసు అనుకోండి. ముందు వరుసలో కాబూల్ నుంచి వచ్చిన పెద్దావిడ, తన భాషలోనే రాయడం రాదు, పెన్సిల్ పట్టడమే కొత్త. పక్కన నెయిల్ సెలూన్‌లో పనిచేసే వియత్నాం అమ్మాయి, గ్రామర్ అంతా కంఠతా వచ్చు, నోరు మాత్రం తెరవదు. వెనక మెక్సికో నుంచి వచ్చిన హోటల్ వంటాయన గలగలా మాట్లాడతాడు, రాయమంటే క్రియ ఒక్కటీ కుదరదు. ఈ ముగ్గురికీ ఒకే గంటలో పనికొచ్చే పాఠం కావాలి. నేను డాక్టర్ అపాయింట్‌మెంట్ పాఠం పెడతాను. సగం మందికి క్లినిక్‌లో ఖాళీ ఉన్న టైముల కార్డు, మిగతా సగానికి వాళ్ల షిఫ్టుల కార్డు. పెద్దావిడ కార్డులో అక్షరాల బదులు గడియారం బొమ్మలు. ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా వీపులు ఆనించి కూర్చోబెడతాను, ఫోన్లో మాట్లాడినట్టు. ఇద్దరికీ కుదిరే టైము దొరికేదాకా మాట్లాడుకోవాల్సిందే. నేను తిరుగుతూ తప్పులు రాసుకుని, తర్వాత ఓ ఐదు వాక్యాలు, ఎవరివో చెప్పకుండా, బోర్డు మీద వేస్తాను. దిద్దేది వాళ్లే.

ఈ పద్ధతి మనకు పరాయిదేమీ కాదు. భాషను సూత్రాలుగా కాకుండా పనుల ద్వారా నేర్పవచ్చని భాషాబోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య బెంగళూరు ప్రాజెక్టులో మామూలు బడి పిల్లలతోనే చేసి చూపించారు. టైం టేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమనేవారు. ఇక్కడ టీసోల్ చదివేవాళ్లంతా ఆయన పేరు వింటారు. ఏ ఒక్క మెథడ్‌కూ కట్టుబడకుండా టీచరే తన క్లాసును బట్టి పద్ధతి కట్టుకోవాలని 1994లో వాదించిన కుమారవడివేలు గారు శాన్ హోసే స్టేట్‌లోనే ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ ఇద్దరినీ చదవండి. ఇంటర్వ్యూలో పది, పదిహేను నిమిషాల డెమో అడుగుతారు. మనవాళ్లు ఆ కాస్త సమయమూ బోర్డు ముందు నిలబడి టెన్సుల గురించి లెక్చర్ దంచేస్తారు. మీరు ఎంత బాగా చెప్పారన్నది కాదు, విద్యార్థుల చేత ఎంత మాట్లాడించారన్నది కమిటీ చూస్తుంది.

యాస గురించి టెన్షన్ పెట్టుకోకండి. మీ విద్యార్థుల్లాగే మీరూ ఈ భాషను నేర్చుకున్నవారే, ఎక్కడ తడబడతారో ముందే పసిగట్టగలరు. పదంలో ఒత్తు ఎక్కడ పడుతుందో మాత్రం శ్రద్ధగా సాధన చేయాలి. "డెవలప్", "కమిటీ" అన్నప్పుడు మనం మొదటి అక్షరం నొక్కుతాం, ఇక్కడ రెండోది. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే నెలల్లోనే తేడా తెలుస్తుంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. మొదట దొరికేది పార్ట్‌టైమే. రాష్ట్ర చట్టం ప్రకారం ఒక డిస్ట్రిక్టులో పార్ట్‌టైమర్‌కు ఫుల్‌టైమ్ లోడులో (బోధన పనిలో) 67 శాతానికి మించి ఇవ్వరు. అందుకే పొద్దున ఫ్రీమాంట్‌లో, సాయంత్రం శాంటా క్లారాలో చెప్పేవాళ్లు ఉంటారు, మధ్యలో భోజనం కారులోనే. సరిపడా విద్యార్థులు చేరకపోతే మొదటి వారంలోనే క్లాసు తీసేస్తారు. వేసవిలో క్లాసు ఇస్తారన్న నమ్మకం ఉండదు. 1989లో వచ్చిన సెర్విసీ తీర్పు వల్ల సెమిస్టర్ల మధ్య నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకునే వీలుంది. వీసా మీద ఉన్నవాళ్లు ముందు లాయర్ని అడగండి. 2022 రాష్ట్ర బడ్జెట్‌లో పార్ట్‌టైమర్ల ఆరోగ్య బీమాకు నిధులు బాగా పెంచారు, అయినా అన్ని డిస్ట్రిక్టుల్లో ఒకేలా లేదు. కాబట్టి ఇంట్లో ఇంకొకరి బీమా, జీతం ఉన్నప్పుడే ఇందులో దిగండి. ఫుల్‌టైమ్ పోస్టులు అరుదు. వస్తే నాలుగేళ్ల ప్రొబేషన్, ఆ తర్వాత టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం). పార్ట్‌టైమర్లకు సమాన జీతం ఇవ్వకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. చేరగానే యూనియన్‌లో సభ్యులవ్వండి, సీనియారిటీ కాగితాలన్నీ దాచుకోండి.

కమ్యూనిటీ కాలేజీ మీకు వీసా స్పాన్సర్ చేస్తుందని ఆశపెట్టుకోకండి. భర్త ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయితే హెచ్-4 ఈఏడీకి (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డుకు) అప్లై చేసుకోవచ్చు, 2015 నుంచి ఈ వెసులుబాటు ఉంది. రెన్యువల్‌కు ఆరు నెలల ముందే అప్లై చేయండి. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యువళ్లకు ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు. సెమిస్టర్ మధ్యలో కార్డు ఎక్స్‌పైర్ అయితే క్లాసు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఇంకో చిన్న సంగతి: చేరేముందు టీబీ గురించి అడుగుతారు. మనకు చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి చర్మ పరీక్ష పాజిటివ్ రావచ్చు, రక్త పరీక్ష చేయమని అడగండి.

ఈఏడీ రాకముందు ఊరికే కూర్చోకండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో అడల్ట్ లిటరసీ ట్యూటర్లుగా వాలంటీర్లను తీసుకుంటారు. దగ్గర్లోని కాలేజీలో ఈఎస్ఎల్ టీచర్‌కు మెయిల్ రాసి, క్లాసులో వెనక కూర్చుని చూడనివ్వమని అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. కార్డు చేతికొచ్చాక సీసీసీ రిజిస్ట్రీలో (కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల ఉద్యోగాల వెబ్‌సైట్‌లో) రెజ్యూమె పెట్టి, డిపార్ట్‌మెంట్ డీన్‌కు నేరుగా కూడా పంపండి. సెమిస్టర్ మొదలయ్యే ముందు వారం ఇంకోసారి పంపండి. ఎవరో ఒకరు చివరి నిమిషంలో తప్పుకుంటారు, శనివారం క్లాసుకో రాత్రి క్లాసుకో మనిషి కోసం డీన్ వెతుకుతూ ఉంటారు. ఆ క్లాసుకు ఒప్పుకోండి.